ఆషాఢంలో చూడాల్సిన ఇల్లు

భిలాయిలో తయారయ్యే రైలు పట్టా ఫ్యాక్టరీ గేటు దాటాలంటే ఎన్ని పరీక్షలకు నిలబడాలో అక్కడి తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. కరిగిన ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల పాళ్లకు 1.6 దాటకూడదు. దాటితే కంటికి ఆనని పగుళ్లు పట్టా లోపల పుడతాయి. చల్లారిన పట్టాలోకి అల్ట్రాసోనిక్ తరంగాలు పంపి మళ్లీ వెతుకుతారు. ఆపైన రైట్స్ సంస్థ ఇన్‌స్పెక్టర్లు సరేనంటేనే సరుకు కదులుతుంది.

రైల్ మిల్లులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన శ్రీకాకుళం పెద్దాయన ఒకరు నాకు తెలుసు. స్మృతినగర్ వైపు పాత డాబా ఇల్లు కొన్నారు. ఇల్లు చూసింది ఇరవై నిమిషాలు. ‘పొద్దున్నే రెండు పార్టీలు చూసి వెళ్లాయి, సాయంత్రంలోపు చెప్పండి’ అన్నాడు దళారి. సాయంత్రానికే బయానా చేతులు మారింది. మాఘంలో గృహప్రవేశం. జూలైలో మేం వెళ్లేసరికి పడగ్గదిలో బీరువా ముందుకు జరిపి ఉంది. దాని వెనక గోడంతా తెల్లటి ఉప్పు పూత. గోరు పెడితే పెయింటు పొరతో పాటు ప్లాస్టరు కూడా పిండిలా రాలింది. తలెత్తితే స్లాబు పెచ్చు ఊడి, ఎర్రగా తుప్పెక్కిన కడ్డీ కనిపిస్తోంది. ఇనుముకు తుప్పు ఎలా పడుతుందో ఆయనకు మనం చెప్పాలా! ‘కొనేముందు ఎవరిచేతైనా చూపించారా బాబాయ్?’ అని అడిగాను. ‘పట్టాకైతే మిషనుంటాది. గోడకేటుంటాది నాయనా?’ అన్నారు.

గోడకూ మిషనుంది. చెమ్మను కొలిచే మీటరుంది, కాంక్రీటు గట్టిదనం అంచనా కట్టే రీబౌండ్ హ్యామర్ ఉంది. ఈ పని తెలిసిన సివిల్ ఇంజనీర్లు దుర్గ్, భిలాయిల్లో కొరత లేకుండా ఉన్నారు. లేనిదల్లా పిలిచే అలవాటు. దిక్సూచితో వాస్తు సిద్ధాంతిగారు మాత్రం తప్పకుండా వస్తారు. ఈశాన్యంలో బోరు ఉందో లేదో చూస్తారు, ఆ ఈశాన్యపు గోడ తడిసి ఉందో లేదో చూడటం ఆయన పని కాదు.

ఇల్లు కొన్న పెద్దాయన తొందరకు కారణం లేకపోలేదు. రిటైరైతే కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. గడువు మీరితే జరిమానా అద్దె పడుతుంది. దాన్ని గ్రాట్యుటీలోంచి మినహాయించుకోవచ్చని 2020 డిసెంబర్‌లో భిలాయి ప్లాంటును నడిపే సెయిల్ కేసులోనే సుప్రీంకోర్టు అంది. చేతిలో రిటైర్మెంటు డబ్బు, నెత్తిన ఖాళీ చేయాల్సిన తేదీ. ఇలాంటి మనిషిని దళారి ఇట్టే పోల్చుకుంటాడు. పైగా ఇంటి బాగోగుల మీద ఆయనకు అప్పటిదాకా పెద్దగా చింతే లేదు. టౌన్‌షిప్‌లో స్లాబు కారితే ఫిర్యాదు రాసిచ్చి, టార్ ఫెల్టింగ్ ఎప్పుడు చేస్తారా అని ఎదురుచూడటమే తెలుసు. సొంతింట్లో ఫిర్యాదు ఎవరికి రాయాలి?

నేల సంగతీ చూడాలి. ఛత్తీస్‌గఢ్ రైతు నేలను భాఠా, మటాసీ, డోర్సా, కన్హార్ అని పేర్లు పెట్టి పిలుస్తాడు. కన్హార్ అంటే మన నల్లరేగడే. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పైన తేలికపాటి పునాదితో ఇల్లుంటే దాన్నీ ఏటేటా ఎత్తి దించుతుంది. గుమ్మం మూలనుంచి ఏటవాలుగా పాకే పగులు దాని గుర్తు. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్ పునాదిని అభివృద్ధి చేసింది. నిన్నటి పొలం ఇవాళ కాలనీ అయిన చోట కింద ఏ పునాది ఉందో అడిగేవాళ్లేరి? పుట్టీ పెట్టి రెండు కోట్లు రంగు వేస్తే ఆ పగులు ఒక ఎండాకాలం పాటు దాగుతుంది. అమ్మడానికి ఆ ఒక్క ఎండాకాలం చాలు.

‘బ్యాంకు చూస్తుందిగా’ అన్న ధీమా ఒకటి మనలో ఉంది. బ్యాంకు చూసేది తన అప్పు భద్రతను. దాని లాయరు దస్తావేజులు తిరగేస్తాడు, వాల్యూయర్ వచ్చి ధర కడతాడు. ఫీజు మనదే అయినా రిపోర్టు బ్యాంకుది. స్నానాలగది అడుగున పైపు కారుతోందా అన్న ప్రశ్న అందులో ఉండదు.

చట్టం ఏమంటోంది? కొత్త ప్రాజెక్టులో అయితే 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ కింద స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోపు బయటపడే నిర్మాణ లోపాన్ని బిల్డరే సొంత ఖర్చుతో 30 రోజుల్లో సరిచేయాలి. తన పాతిల్లు అమ్ముకునే మామూలు యజమానికి అది వర్తించదు. అక్కడ మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని 55వ సెక్షన్ ప్రకారం తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు దాచకూడదు. అయితే ఈ రక్షణ, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపాలకే. బీరువా జరిపితే కనిపించే చెమ్మ మీద కోర్టుకెళ్తే ‘జరిపి చూసుకోవాల్సింది’ అనే జవాబు రావచ్చు. అంటే పరీక్ష భారాన్ని చట్టం ఏనాడో కొనేవాడి నెత్తిన పెట్టింది. మనమే ఆ సంగతి చదువుకోలేదు.

ఈ తొందర మన ఊళ్లకే పరిమితం కాదు. కరోనా తర్వాతి గిరాకీలో అమెరికాలో ఎందరో తనిఖీ హక్కు వదులుకుని మరీ ఇళ్లు కొన్నారు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. ఆ హక్కు వదులుకుంటేనే అమ్ముతానని షరతు పెట్టకూడదని మసాచుసెట్స్ రాష్ట్రం 2025 అక్టోబర్ 15 నుంచి నిబంధన తెచ్చింది. నాకైతే స్కాట్లాండ్ దారి ఇంకా నచ్చుతుంది. అక్కడ 2008 డిసెంబర్ నుంచి ఇల్లు అమ్మకానికి పెట్టే యజమానే ముందుగా సర్వేయర్ రిపోర్టు తెప్పించి చూపాలి. పదిమంది పోటీపడినా రిపోర్టు ఒక్కటే, అదీ అందరి చేతిలోనూ ఉంటుంది. ‘రెండు పార్టీలు చూసి వెళ్లాయి’ అన్న మాటకు అక్కడ సగం పదును పోతుంది.

అలాంటి చట్టం మనకు వచ్చేదాకా చేయగలిగిందేమిటి? ‘వారం రోజుల్లో ఇంజనీరు పరీక్షలో నిర్మాణ లోపం తేలితే బయానా వాపసు’ అని అగ్రిమెంటులో రాయించుకోవాలి. ఇల్లు పక్కవాడికి పోతుందనే భయం న్యాయమైనదే. అంత పోటీ ఉంటే బయానాకు ముందే, రెండోసారి చూడటానికి వెళ్లేటప్పుడే ఇంజనీరును వెంటబెట్టుకుని వెళ్లాలి. రెండు గంటల పని. దళారికి ఒకటి రెండు శాతం కళ్లుమూసుకుని ఇచ్చేవాళ్లం ఈ ఖర్చు దగ్గర బేరమాడటం నాకెప్పటికీ అర్థం కాదు.

మన ముహూర్తాలు చాలావరకు మాఘం నుంచి జ్యేష్ఠం దాకా, పొడి నెలల్లోనే పడతాయి. ఇల్లు అప్పుడు తన గుట్టు విప్పదు. మనం శుభకార్యాలు మానుకునే ఆషాఢంలో విప్పుతుంది. కొనేవాళ్లకు నా మనవి ఇదే. రాత్రంతా కుండపోతగా కురిసిన మర్నాడు పొద్దున్నే వెళ్లండి, డాబా ఎక్కండి, బీరువా జరపమని అడగండి. గృహప్రవేశం శ్రావణంలో పెట్టుకోవచ్చు.