సంచీ సగం, జట్టు మాత్రం పూర్తి

రాప్తాడు శెనక్కాయ చేలల్లో ఆడకూలి వేరు, మగకూలి వేరు. ఈ సంగతి మనలో ఎవరికీ కొత్త కాదు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా 'మగవాళ్ళ పని బరువైనది' అన్న మాట చెరగలేదు. అదే లెక్క హాకీ మైదానంలోకి నిబంధన రూపంలో ఎలా వచ్చిందో గమనించమని కోరుతున్నాను.

2024 అక్టోబరులో హాకీ ఇండియా లీగ్‌కి ఆటగాళ్ళ వేలం జరిగింది. ఒక్కో జట్టు ఎంత ఖర్చు పెట్టవచ్చో పరిమితి పెట్టారు. పురుషుల జట్టుకు 4 కోట్లు, స్త్రీల జట్టుకు 2 కోట్లు. కొనవలసింది మాత్రం ఇద్దరూ 24 మందినే. మైదానం ఒకటే, ఆడే 60 నిమిషాలూ ఒకటే.

పరిమితి ఉండటాన్ని నేను తప్పు పట్టను. అది లేకపోతే డబ్బున్న యజమాని మంచి ఆటగాళ్ళందరినీ ఎగరేసుకుపోతాడు. నా అభ్యంతరం పరిమితి ఎంత అన్న దాని మీదే. ఆ వేలంలో హర్మన్‌ప్రీత్ సింగ్‌కు 78 లక్షలు పలికాయి. ఆయన్ని కొన్నాక కూడా మిగిలిన 23 మందికి సగటున 14 లక్షలు పంచవచ్చు. స్త్రీలలో అత్యధిక ధర ఉదితకు, 32 లక్షలు. ఆమెను కొన్నాక మిగిలిన వాళ్ళకు సగటున దక్కేది సుమారు 7 లక్షల 30 వేలు!

ఈ ఇరుకులో దెబ్బ తినేది రేపటి జట్టు. ప్రతి జట్టులోనూ నలుగురు జూనియర్లు ఉండాలన్నారు, మంచిదే. వాళ్ళకు ఎంత ఇవ్వాలో మాత్రం చెప్పలేదు. కనీస ధర 2 లక్షలు. పేరున్నవాళ్ళను, విదేశీయులను కొనగా మిగిలినదే ఈ పిల్లలకు. చిత్తూరు జిల్లా అమ్మాయి రజని 2024లో హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించింది. అనంతపురంలో ఆర్‌డిటి శిక్షణలో ఆడపిల్లలు హాకీ కర్రలు పట్టారు. ఆ లీగ్‌లో హైదరాబాదుకు పురుషుల జట్టు ఉంది, స్త్రీల జట్టు లేదు. ఇంటర్ అయ్యాక పిల్లను ఆడనివ్వాలా, పెళ్ళి చేయాలా అని ఆలోచించే ఇంట్లో ఈ లెక్కలకు విలువ లేదంటారా?

'ఆడవాళ్ళ ఆటకు రాబడి లేదు' అంటారు. పురుషుల లీగ్ 2013లో మొదలైంది. స్త్రీలకు మొదటి లీగ్ 2025 జనవరిలో, అదీ నాలుగు జట్లతో. పన్నెండేళ్ళు గుమ్మం బయట నిలబెట్టి, లోపలికి రాగానే సంపాదన చూపించమనడం ఏం న్యాయం? గెలిచిన జట్టు బహుమతి కూడా సగమే: వాళ్ళకు 3 కోట్లు, వీళ్ళకు కోటిన్నర.

ఇలాంటి పరిమితి కింద గర్భవతి అయిన క్రీడాకారిణి జట్టు నిర్వాహకుడికి 'భారం'గా కనబడుతుంది. జీతాల పరిమితి ఉన్న అమెరికా స్త్రీల బాస్కెట్‌బాల్ లీగ్‌లోనే 2020 ఒప్పందం ప్రసూతి సెలవుకు పూర్తి జీతం ఇచ్చింది. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదు?

స్త్రీల సంఘాలు క్రీడను 'మన విషయం కాదు' అని వదిలేయకూడదు. అడగవలసినవి మూడు. జట్టు సమానమైతే పరిమితీ సమానం కావాలి. అందులో కొంత భాగం జూనియర్లకే కేటాయించాలి. ప్రసూతి జీతాన్ని పరిమితి లెక్కలో కలపకూడదు. కూలి రేట్ల గురించి మాట్లాడే ప్రతి సమావేశంలోనూ ఈ మూడింటినీ చేర్చుదాం.