తీగ కూడా ఊరి చివరే ఆగిపోవాలా?

"సార్, మీ కాలనీకి ఫీజిబులిటీ లేదండి."

ఫోనులో ఆ కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. సార్ అన్నాడు, అండీ అన్నాడు. మా తాతల్ని పిలిచినట్టు ఒరే అనలేదు. కానీ చెప్పిన మాట మాత్రం మా తాతలు విన్న మాటే. ఇక్కడిదాకానే వస్తుంది. మీ వైపుకి రాదు.

మేం అంటే ఎవరం? పోర్టులో బస్తాలు మోసినవాళ్లం. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసినవాళ్లం. తెల్లారకముందే విశాఖ రోడ్లు ఊడ్చే రెల్లి బిడ్డలం. నాలుగిళ్లలో పాచిపని చేసే అమ్మలం. మాలో ఒక బడిపంతులు కూడా ఉన్నాడు, మా ఇళ్లల్లో డిగ్రీ చదివిన మొదటి తరం. గాజువాక అద్దె కొంపల్లో "మీరేమిట్లు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి విసిగిపోయాం. కొందరం ప్రభుత్వం ఇచ్చిన సెంటు స్థలంలో, పంతులు అప్పు చేసి పక్కనే కొనుక్కున్న ముక్కలో, ఎలాగో నాలుగు గోడలు లేపుకున్నాం. సొంతిల్లు! ఇక ఎవడూ కులం అడగడు అనుకున్నాం.

ఇల్లు మారేముందే, పాత ఇంట్లో ఉన్న నెట్ కనెక్షన్ కొత్త ఇంటికి మార్చమని దరఖాస్తు పెట్టాం. మార్పిడి చార్జీ కట్టించుకున్నారు. రేపు మాపు అని మూడు వారాలు తిప్పారు. చివరికి "ఫీజిబులిటీ లేదు" అన్నారు. మెయిన్ రోడ్డు పక్కన లేచిన విల్లాలకు మాత్రం గృహప్రవేశం నాటికే తీగ ఉంది. మా కాలనీ బోర్డు పక్కన స్తంభానికి ఆ తీగే చుట్ట చుట్టి వేలాడుతోంది. అక్కడినుంచి మా మొదటి వీధికి మూడొందల అడుగులు లేదు.

ఈ మూడొందల అడుగుల గురించే ఈ రాత.

ఊరుమ్మడి బావి మనకు లేదు. 1927 మార్చి 20న మహద్ చెరువులో దోసెడు నీళ్లు తాగడానికి బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందిని నడిపించాల్సి వచ్చింది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల్ని నరికి చంపారు. ఆ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. రోడ్డు ఊళ్లోకి ముందొచ్చింది, వాడకి తర్వాత వచ్చింది. కరెంటూ అంతే, కుళాయీ అంతే. ఏ సౌకర్యమైనా ఊళ్లో పుట్టి, ఊళ్లో పెరిగి, ముసలిదయ్యాక వాడకి వస్తుంది. ఇప్పుడు నెట్ వంతు వచ్చింది.

"అబ్బే, ఇందులో కులం ఏముంది? మాకు వ్యాపారం తప్ప కులం తెలీదు" అంటారు కంపెనీవాళ్లు. నిజమే కావచ్చు. ఆ కుర్రాడికి మా కులం తెలీదు. కానీ మేం ఎక్కడుండాలో ఎవరు నిర్ణయించారు? విశాఖలో పేదల ఇళ్ల కోసమని 2020 జనవరిలో జీవో 72 ఇచ్చి 6,116 ఎకరాలు సమీకరిస్తామన్నారు. దళితులూ బీసీలూ సాగు చేసుకుంటున్న డి-పట్టా భూములూ అందులో పోయాయి. 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో లే అవుట్ ప్రారంభించారు. పట్నంలో పని, అగ్రహారంలో ఇల్లు! ఒకప్పుడు మనల్ని అడుగు పెట్టనివ్వని పేరు అది. ఇప్పుడు పట్నానికి మనం అడ్డమైతే అక్కడికే తోలారు. మొదట మనిషిని ఊరి చివరకు పంపడం, తర్వాత "ఊరి చివరకు తీగ లాభసాటి కాదు" అనడం. మొదటిది ప్రభుత్వం చేస్తుంది, రెండోది కంపెనీ చేస్తుంది. రెండూ కలిస్తే వెలివాడ అవుతుంది. ఇందులో కులం పేరు ఎత్తాల్సిన పనే లేదు. మనువు గీసిన మ్యాపు మీదే వ్యాపారం నడుస్తోంది.

పోనీ, నిజంగానే సాధ్యం కాదా? మేం లెక్కల మాస్టార్లం కూడా. లెక్క చూద్దాం.

ఈ తీగలో పోయేది కరెంటు కాదు, వెలుగు. వెంట్రుకంత గాజు పోగు. ఇప్పుడు ఇళ్లకు ఇస్తున్న పద్ధతిలో కంపెనీ ఆఫీసు నుంచి బయల్దేరిన ఒక్క పోగును దారిలో స్ప్లిట్టర్ డబ్బాతో చీల్చి 32 ఇళ్లకు, 64 ఇళ్లకు పంచుతారు. ఆ పోగు 20 కిలోమీటర్ల దాకా పోగలదు. మరి మూడొందల అడుగులు ఎలా దూరమైంది? ఇంకో మాట. విల్లాకీ విల్లాకీ మధ్య తోట ఉంటుంది, గేటు ఉంటుంది, కుక్క ఉంటుంది. మావి సెంటు ఇళ్లు. సెంటంటే 48 గజాలు. గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒక్క డబ్బా పెడితే వీధి వీధంతా వెలుగుతుంది. ఇంటికి పట్టే తీగ విల్లాల కంటే మా దగ్గరే తక్కువ!

స్తంభాలు లేవా? ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ నెట్ తీగను ఇరవై వేల కిలోమీటర్లకు పైగా లాగింది కరెంటు స్తంభాల మీదే కదా. మా వీధిలో కరెంటు స్తంభం ఉంది, కరెంటు బిల్లూ వస్తోంది. బిల్లు ఫీజిబుల్, తీగ మాత్రం ఫీజిబుల్ కాదు!

ఈ మాటకు ఒక పుట్టుక ఉంది. కొత్త బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ 15 పని దినాల్లో ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో నిబంధన పెట్టింది. పక్కనే "సాంకేతికంగా సాధ్యమైతే" అని ఒక తోక తగిలించింది. 2024లో కొత్త నిబంధనలు వచ్చాయి. కంపెనీల నోట్లోంచి ఆ తోక మాత్రం పోలేదు. సాధ్యమో కాదో తేల్చేది ఎవరు? ఇవ్వనని చెప్పేవాడే.

సముద్రం వైపు చూడండి. 2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖలో డేటా సెంటర్ పెడతానంది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడుతుందట. ప్రపంచం నలుమూలల నుంచి సముద్రం అడుగున తీగలు మన తీరానికి వస్తాయట. రానీ, సంతోషమే. వేల మైళ్ల సముద్రం దాటేది మా మూడొందల అడుగులు దాటలేదా? ఉక్కు ఫ్యాక్టరీ వచ్చినప్పుడూ ఊళ్లు ఇచ్చాం, ఆ ఊళ్ల బిడ్డలు ఇంకా పునరావాస కాలనీల్లోనే ఉన్నారు. భూమి మనది, తీరం మనది, వెలుగు ఇంకెవరికో! ఈ కథ మనకు కొత్తది కాదు.

ఇక మన సొంత మనుషులకు ఒక జవాబు చెప్పాలి. మొన్న మీటింగులో ఒక పెద్దాయన అన్నాడు: "కుళాయి లేదు, కాలవ లేదు, మీకు నెట్ కావాలా మాస్టారూ? సోకు కాదూ?" ఇంకో అన్న అన్నాడు: "చేతిలో సెల్లు ఉందిగా, చాలదా?"

అన్నా, కుళాయి కావాలి. కాలవ కావాలి. కానీ పలకా బలపం కూడా ఒకప్పుడు సోకేనన్నారు మనకి. 2020లో కరోనాకు బడులు మూసినప్పుడు ఏమైందో మేం కళ్లారా చూశాం. పాఠం ఫోనులోకి పోయింది. ఫోను నాన్న జేబులో పోర్టు గేటుకి పోయింది. అంతకు ముందు 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వేలోనే దేశంలో ఇంటర్నెట్ అందుబాటు ఉన్న ఇళ్లు నూటికి 24 అని తేలింది. పల్లెల్లో 15, పట్నాల్లో 42. ఆ మిగిలిన ఇళ్లు ఎవరివో చెప్పాలా?

ఇవాళ? 2025లో 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ వేశారు. దరఖాస్తు ఆన్‌లైన్, పరీక్ష కంప్యూటర్ మీద. 2025 జనవరి నుంచి సర్టిఫికెట్లూ సేవలూ వాట్సాప్‌లోనే అన్నారు. అదే ఏడు ఉక్కు ఫ్యాక్టరీలో వేలమంది కాంట్రాక్టు కార్మికుల్ని తీసేశారు. వాళ్లలో బండి మీద సరుకులు అందించే పనికి పోయినవాడికి ఫోనే పారా, ఫోనే తట్ట. ఆ పారను పిల్లకిచ్చి చదువుకోమంటాడా? మా కాలనీలో పదో తరగతి పిల్ల రాత్రి పదింటికి నాన్న వచ్చాక ఫోను అందుకుంటుంది. అప్పటికి ఆ రోజు డేటా అయిపోతుంది. "మాస్టారూ, చక్రం తిరగతంది గానీ పాఠం రాట్లేదు" అంది. విల్లాలో పిల్లాడు అదే పాఠం మూడుసార్లు చూసి నిద్రపోయి ఉంటాడు. ఇద్దరూ రాసేది ఒకే పరీక్ష. తర్వాత "మెరిట్" అంటారు. ద్రోణుడు వేలు అడిగాడు. వీళ్లు అది కూడా అడగరు, తీగ ఆపేస్తే చాలు.

ఇది వాళ్ల సొమ్మా? కాదు. ప్రతి టెలికాం కంపెనీ తన రాబడిలో నూటికి 5 రూపాయలు సేవలు అందని చోట్లకు సేవలు అందించే నిధికి కట్టాలి. నిన్నటిదాకా దాని పేరు సార్వత్రిక సేవా నిధి, 2023 చట్టం తర్వాత డిజిటల్ భారత్ నిధి. ఆ రాబడి మన రీచార్జీలదే. కూలివాడు వేయించుకున్న ప్రతి రీచార్జీలోనూ ఆ వాటా ఉంది. పల్లెలకు తీగ వేస్తామని 2011లో పథకం మొదలెట్టి, 2015లో భారత్‌నెట్ అన్నారు. 2023లో దానికి 1,39,579 కోట్లు అన్నారు. రాష్ట్రంలో 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతిని పిలిపించి ఫైబర్ నెట్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను అన్నారు. ఆ నెట్‌వర్క్ నడిపే కేంద్రాన్ని పెట్టింది మన విశాఖలోనే! దీపం కిందే చీకటి. పట్నం ఆఫీసుకి పోతే మీది పంచాయతీ అంటారు. పంచాయతీకి పోతే మీరు పట్నం వాళ్లు అంటారు. పథకాలన్నీ ఉన్నాయి, మేం మాత్రం ఏ పథకంలోనూ లేం.

ప్రభుత్వ డబ్బుతో నిలిచే బావులు, చెరువులు, రోడ్లు వాడుకోకుండా కులం పేరుతో ఎవరినీ ఆపరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. అందులో తీగ పేరు లేదు. 1950లో తీగ లేదు కాబట్టి లేదు. ఇవాళ్టి ఊరుమ్మడి బావి ఇదే. ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులో భాగమని 2019లో కేరళ హైకోర్టు ఒక హాస్టల్ విద్యార్థిని కేసులో చెప్పింది. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద గెలిచాం. స్తంభం మీద గెలవాలి.

అందుకని, కొత్త ఇళ్లకు మారుతున్న ప్రతి వాడకీ, ప్రతి కాలనీకీ మేం చెప్పేది:

ఒకటి. ఒక్కొక్కరు అడగొద్దు. ఇంటి నంబర్లతో, సంతకాలతో వీధి మొత్తం ఒకే దరఖాస్తు పెట్టండి. ఒక్క ఇల్లయితే "లాభం లేదు" అంటారు. నలభై ఇళ్లయితే ఆ మాట అనలేరు.

రెండు. "ఫీజిబుల్ కాదు" అన్న మాట నోటితో ఒప్పుకోవద్దు. కారణంతో సహా కాగితం మీద రాసిమ్మనండి. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. సగం సార్లు కలం తీసేసరికే తీగ కదులుతుంది.

మూడు. కనెక్షన్ రాకుండా డబ్బు కట్టొద్దు. కడితే రసీదు వదలొద్దు. "అప్ టు 100" అంటే వంద వస్తుందని కాదు, వందకు మించదని. చట్టం ప్రకారం 2 మెగాబిట్లు దాటితే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండే అంటారు. పెట్టె బిగించిన రోజే వేగం చూపించమనండి.

నాలుగు. ఫిర్యాదు కేంద్రం తేల్చకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి పోవచ్చు, దానికి ఫీజు లేదు. డబ్బు తీసుకుని తిప్పితే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం కేసులు అక్కడ వెయ్యొచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడా ఫీజు లేదు.

ఐదు. సోమవారం కలెక్టరు దగ్గర అర్జీ పెట్టండి. స్థలం ఇచ్చింది ప్రభుత్వమే కాబట్టి కుళాయి, కాలవ, దీపం, తీగ నాలుగూ ఒకే అర్జీలో అడగండి. ఇది ముందా అది ముందా అని మనలో మనం కొట్టుకోవద్దు. విల్లా వాణ్ణి ఎవడైనా అలా అడిగాడా?

మా దరఖాస్తు మీద ఇప్పటికి అరవై మూడు సంతకాలున్నాయి. పదకొండు వేలిముద్రలున్నాయి. వేలిముద్ర వేసిన ఒక అవ్వ అడిగింది: "ఆ తీగొస్తే నాకేటొస్తాది బాబూ?" మేం జవాబు వెతుక్కుంటున్నాం. ఆమే చెప్పింది: "సర్లే, నా మనవరాలు కిందికి చూడకండా చదువుకుంటాది."

ఆ చుట్ట చుట్టిన తీగ ఇంకా మా బోర్డు దగ్గరే వేలాడుతోంది. వచ్చే సోమవారం మేం కలెక్టరాఫీసు ముందుంటాం. మీ వాడ దరఖాస్తు పట్టుకుని మీరూ రండి.

జై భీమ్!