సంచీలో ఉన్నది సాక్ష్యమా... రక్షణా?

పులిరాజా గుర్తున్నాడా? 2000ల ఆరంభంలో ఆంధ్రప్రదేశ్‌లో ఏ కూడలిలో చూసినా ఆ హోర్డింగే. ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని ఒకటే ప్రశ్న. ఎవరీ పులిరాజా అని పిల్లలు అడిగితే పెద్దలు మాట మార్చేవారు. టీకొట్ల దగ్గర జోకులే జోకులు. నవ్వుకుంటూనే అయినా, పేరెత్తడానికే సిగ్గుపడే జబ్బు గురించి రాష్ట్రమంతా మాట్లాడుకుంది.

సరే, ఆ హోర్డింగు పులిరాజా కోసం. మరి అతను తలుపు తట్టే ఇంట్లోని మనిషి సంగతి? ఆమెకు జబ్బు గురించి చెప్పిందెవరు? చెప్పినా, కండోమ్ లేకపోతే కుదరదు అనే ధైర్యం ఆమెకెక్కడిది?

ఈ ప్రశ్నకు జవాబు కోల్‌కతాలోని సోనాగాఛీలో దొరికింది. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా అక్కడ ఎయిడ్స్ నివారణ పని మొదలుపెట్టారు. బయటినుంచి ఉపన్యాసకులను తీసుకెళ్లలేదు. అక్కడి సెక్స్‌వర్కర్లకే శిక్షణ ఇచ్చి, తోటివారికి చెప్పే బాధ్యత అప్పగించారు. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. కండోమ్ వాడాలని ఆ ఆడవాళ్లకు చెబితే చాలదు. ఒకామె కాదంటే గిరాకీ పక్క గదికి పోతుంది. ఆ పూట గడవాలి, వడ్డీవ్యాపారికి బాకీ కట్టాలి. ఇక కాదనేదెలా?

అందరూ కలిసి కాదంటే? అదే చేశారు. 1995లో ‘దుర్బార్’ పేరుతో సంఘం పెట్టుకున్నారు. పొదుపుకూ అప్పులకూ సొంత సహకార సంఘం నడుపుకున్నారు. 1990లలో ముంబయి రెడ్‌లైట్ ప్రాంతాల్లో సగం మందికి పైగా హెచ్‌ఐవీ కనిపిస్తే, సోనాగాఛీలో అది పదిమందిలో ఒకరి దగ్గర అటూఇటూగా ఆగింది. డాక్టర్ జానా 2021లో కొవిడ్‌తో కన్నుమూశారు. ఆయన చూపిన దారి మాత్రం దేశమంతా పాకింది. మన దగ్గరా సెక్స్‌వర్కర్లు, హిజ్రాలు, స్వలింగ సంపర్కుల్లోంచే ‘పీర్ ఎడ్యుకేటర్లు’ వచ్చారు. కండోమ్‌లు పంచారు. పరీక్షలకు వెంటబెట్టుకుని వెళ్లారు.

కానీ ఇక్కడే ఒక విడ్డూరం జరిగింది. ఆరోగ్యశాఖ డబ్బుతో పంచిన కండోమ్‌ను పోలీసులు నేరానికి సాక్ష్యంగా పట్టుకునేవారు. బస్టాండు దగ్గర నిలబడ్డ ఆడమనిషి సంచీలో అవి దొరికితే చాలు, కేసు పెడతామనేవారు. పంచే పీర్ ఎడ్యుకేటర్‌కూ అదే బెదిరింపు. సర్కారు ఓ చేత్తో ఇచ్చి మరో చేత్తో బేడీ వేస్తే ఆమె ఏం చేస్తుంది? సంచీలో కండోమ్ పెట్టుకోవడమే మానేస్తుంది. ఆ రోజు ఆమె ప్రాణానికే కాదు, ఆమె దగ్గరికి వచ్చినవాడి ఇల్లాలికీ ముప్పే.

మర్యాదస్తుల ఇళ్లకు ఈ గొడవెందుకు అనేవారు ఆలోచించాల్సింది ఇక్కడే. భర్తను తప్ప మరో మగవాణ్ణి ఎరుగని ఎందరో గృహిణులకు హెచ్‌ఐవీ సోకింది భర్త ద్వారానే. గర్భంతో ఉన్నప్పుడు మందులు అందకపోతే అది బిడ్డకూ సోకవచ్చు. ఈ గొలుసు ఎక్కడ తెగాలో అక్కడ తెంచేది ఆ సంచీలోని చిన్న పొట్లమే.

చట్టం ఆలస్యంగానైనా ఈ సంగతి గుర్తించింది. 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు నుంచి అమలైన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం వ్యాధి సోకకుండా చేసే పనులు నేరం కావు. సెక్స్‌వర్కర్‌కు కండోమ్ ఇవ్వడాన్ని అందులో ఉదాహరణగానే చెప్పారు. 2022 మే 19న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది... కండోమ్ దగ్గరుంచుకోవడం నేరం కాదు, నేరానికి సాక్ష్యమూ కాదు.

2023 అంచనాల ప్రకారం దేశంలో 25 లక్షల మందికి పైగా హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. దేశం మొత్తమ్మీద పెద్దవాళ్లలో ఇది 0.2 శాతం. తెలంగాణలో దానికి రెట్టింపు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడు రెట్లు. 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు చిక్కనంతగా తగ్గితే లైంగికంగా మరొకరికి సోకదు. సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మన పులిరాజా ప్రశ్నకు ఇన్ని జవాబులు సిద్ధంగా ఉన్నాయి.

అయితే కోర్టు తీర్పు ఢిల్లీలో ఉంటుంది. రాత్రి పదిగంటలకు బస్టాండు దగ్గర సంచీ విప్పమనేది కానిస్టేబుల్. ఆయన దాకా ఆ మాట చేరాలి. ఆమెను చూసి మొహం తిప్పుకుని వెళ్లిపోయే మన దాకా కూడా.