పాచి పట్టనియ్యని పూత

తాండూరు నాపరాయి పఱచిన నీళ్లతొట్టి యొద్ద కాలుజాఱనివారు మనలో నరుదు. రాతిపై జిగురుగా పట్టు పాచియు, తెల్లవాఱునప్పటికి మన పండ్లపై పట్టు పాచియు సూక్ష్మజీవుల కాపురములే. రోగి దేహమున నమర్చిన కృత్రిమపు కీలు మీఁదను, గుండె కవాటము మీఁదను, మూత్రపు గొట్టము మీఁదను ఇట్టి పాచియే పట్టునని ఎందఱెఱుఁగుదురు?

మొదట కొలఁది జీవులు అంటుకొనును. పిదప జిగురును స్రవించి దాని మాటున గుంపుగా వర్ధిల్లును. ఆ మాటున నున్నవానిని మందులు సులభముగా చంపజాలవు. తుదకు అమర్చిన కీలునే మరల కోసి తీయవలసివచ్చును. పొలమమ్మి చేయించుకొన్న చికిత్సను రెండవమాఱు చేయించుకొనుట దౌల్తాబాదు రైతునకు సాధ్యమా?

కావున చంపుటకన్న అంటనియ్యకుండుటయే మేలని మా యభిప్రాయము. వెండినో మందునో విడుచు పూతలు కలవు గాని, వానిలోని సరకు కొంతకాలమునకు నిండుకొనును. మందును తట్టుకొను జీవులు పుట్టు భయమును గలదు. నీటిని పట్టియుంచు పూతల తీరు వేఱు. పలుచని నీటిపొరయే అడ్డుగా నిలిచి జీవులను అంటనియ్యదు. తామరాకు మీఁద మురికి నిలువకుండుటకు దాని మైనపు బొడిపెలు కారణమని 1997లో జర్మను వృక్షశాస్త్రజ్ఞులు బార్ట్‌లోట్, నైన్‌హూయిస్ గార్లు వివరించిరి. అయితే ఆ బొడిపెల నడుమ నుండు గాలి ద్రవములో మునిఁగినప్పుడు చిరకాలము నిలువదు. 2011లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఐజెన్‌బర్గ్ గారి బృందమువారు కీటకములు జాఱిపడు కూజామొక్క అంచును చూచి, గాలికి బదులు ద్రవమును పట్టియుంచు జాఱుడు పూతను చేసిరి.

ఐనను ఒకే పూత అన్నిటికిని తగదు. ఎముక అతుకుకొనవలసిన చోట దేనిని అంటనియ్యని పూత హాని చేయును. ప్రయోగశాలలో కొన్ని దినములు నిలిచిన పూత దేహములో ఏండ్ల తరబడి నిలువవలయును. చేతులు కడుగని చోట ఏ పూతయు రక్షింపదు.

1990 దశకమున క్షిపణిశాస్త్రజ్ఞులు అబ్దుల్ కలాం గారును, హైదరాబాదు హృద్రోగవైద్యులు సోమరాజు గారును కలిసి, గుండె రక్తనాళమున నుంచు స్టెంటును తక్కువ వెలకు రూపొందించిరి. ఈ పూతల పనికిని అట్టి కలయికయే వలయును. పేదవానికి అందు వెలయు వలయును. ధనికుల కీళ్లను మాత్రమే కాచు పూత సగము పూతయే.

విద్యార్థులారా! రేపు పండ్లు తోముకొనునప్పుడు ఈ సంగతి తలఁచుకొనుఁడు. రసాయనశాస్త్రమును కేవలము పరీక్షకొఱకు చదువకుఁడు.