ఆప్తుడెవరు? - నూతన మతోద్యమ పరిశోధనలో తాటస్థ్యం

మత పరిశోధకునికి తాటస్థ్యం ఆవశ్యకమనడంలో వివాదం లేదు. తటంపై నిలిచినవాడు తటస్థుడు. అయితే అతనిని ఆ తటానికి చేర్చిన నావ ఎవరిదన్నది కూడ విచార్యమే. నూతన మతోద్యమాల అధ్యయనంలో ఈ విచారణ తగినంత జరుగలేదనడానికి జపానులోని ఓమ్ షిన్రిక్యో ఉదంతం నిదర్శనం.

1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో ఆ సంస్థ సభ్యులు సారిన్ విషవాయువును ప్రయోగించారు. దాని వలన మృతులైనవారు 14 మంది. చివరివారు 2020లో మరణించారు. దాడికి పూర్వమే అనుమానాలు పొడసూపినపుడు సంస్థ తన విషరసాయన కర్మాగారాన్ని శివప్రతిమ నిలిపిన మందిరంగా మరుగుపరచింది. ఆ కట్టడానికి పెట్టిన పేరు సంస్కృత 'సత్య' శబ్దం నుండి వచ్చినది! మతశాస్త్రజ్ఞుడు షిమడా హిరోమి దానిని చూచి ఆరాధనాస్థలమేనని చెప్పాడు. దాడి తరువాత, మే నెలలో, అమెరికా పండితులు గోర్డన్ మెల్టన్, జేమ్స్ లూయిస్ ప్రభృతులు సంస్థ వ్యయంతోనే జపాను వెళ్లారు. సంస్థ ఇచ్చిన పత్రాలను, ఛాయాచిత్రాలను ఆధారం చేసికొని, అది సారిన్‌ను తయారు చేయజాలదని లూయిస్ ప్రకటించాడు.

వారి ఉద్దేశం దుష్టమనరాదు. టెక్సాస్‌లోని వేకోలో ప్రభుత్వ ముట్టడి 76 మంది మరణంతో ముగిసినది అంతకు రెండేళ్ల క్రిందటనే, 1993లో. అల్పసంఖ్యాకుల మతాన్ని రాజ్యం అణచివేయకుండ చూడడం పండితధర్మమే. దోషం సాక్ష్యవిచారణలో ఉన్నది. సంస్థను వీడినవారి మాట ద్వేషదూషితమని, నమ్మదగదని బ్రయన్ విల్సన్ వంటి ప్రముఖ సమాజశాస్త్రజ్ఞుడు సైతం భావించాడు. ద్వేషం దృష్టిని కలుషితం చేయుననుట నిజమే. భక్తి చేయదా?

విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పగోరువాడే ఆప్తుడనీ, ఈ లక్షణం ఋషికి, ఆర్యునికి, మ్లేచ్ఛునికి సమానమేననీ న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు నిర్ణయించాడు. విశ్వాసికి ఒక కొలత, విశ్వాసం విడిచినవానికి వేరొక కొలత అందులో లేదు. ఇరువురినీ ఎరుక విషయంలో, చెప్పగోరిక విషయంలో పరీక్షించవలసినదే.

సభ్యుల కుటుంబాల పక్షాన పోరాడుతున్న న్యాయవాది సకమోతో త్సుత్సుమి 1989 నవంబరులో భార్యాపుత్రులతో సహా అదృశ్యుడైనాడు. అతని ఇంటిలో ఆ సంస్థ చిహ్నం దొరికింది. మృతదేహాలు 1995 సెప్టెంబరులో గాని లభించలేదు. పండితులు ముందుగా ఆ కుటుంబాల గడప తొక్కి ఉంటే, శివప్రతిమ వెనుక ఏమున్నదని అడుగవలెనన్న ఆలోచన వారికి తట్టి ఉండేది.