కట్టడి ఎక్కడ ఉండాలి?

బాప్తిస్మం తీసుకున్న ఆడపిల్ల కమ్మలు పెట్టుకోవచ్చా? సినిమాకు వెళ్లవచ్చా? ఆదివారం డ్యూటీ చేయవచ్చా? విశ్వాసి కాని అబ్బాయిని పెళ్లాడవచ్చా? తెలుగు బ్రదరన్, పెంతెకొస్తు కుటుంబాల్లో తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య నలుగుతున్న ప్రశ్నలివి. పెద్దలు తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయం చూపిస్తారు. పిల్లలు అదే అధ్యాయం తెరిచి, బంగారం పక్కనే జడల మాట కూడా ఉంది కదా, జడలెందుకు వేయనిస్తున్నారని అడుగుతారు.

పెద్దల మాటను చాదస్తమని తోసేయడం సులువు. అందుకే ముందు వాళ్ల పక్షం వినాలి. తొలితరం విశ్వాసులకు ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మాదిగపల్లెల్లో పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ జాతరలో డప్పు కొట్టను, ఆదివారం తోలుపని ముట్టను అన్న మనిషి ఊరి పెత్తనానికి ఎదురు నిలిచినట్టే. కళ్లంలో రావలసిన గింజలు పోయినా, పెత్తందార్ల వేధింపులు ఎదురైనా ఎందరో ఆ మాట మీదే నిలబడ్డారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో వేలమందికి కూలి చూపించాడు. ఆ సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లకు ఆ కట్టడి భారమైంది నిజమే, కానీ వెట్టిని కాదనే ధైర్యం కూడా అందులోంచే వచ్చింది.

సువార్తికుడు బక్త్ సింగ్ స్థాపించిన సంఘాల్లోనూ ఇలాంటిదే కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని వాళ్ల మందిరం హెబ్రోనులో చెప్పులు బయట విడిచి అందరూ కిందే కూర్చుంటారు, స్త్రీలు ముసుగు వేసుకుంటారు, కూటాల్లో ప్రేమవిందు ఒకే పంక్తిలో సాగుతుంది. నగలు లేక మెడలు బోసిగా ఉన్నచోట కూలికి వెళ్లే ఆమెకూ ఆఫీసరుగారి భార్యకూ మధ్య కంటికి కనిపించే తేడా కొంత చెరిగిపోయింది. నగ వద్దన్న నియమం పేదరాలికి చేసిన ఈ మేలును పిల్లలు లెక్కలోకి తీసుకోవడం లేదు.

అయితే పిల్లల స్థితి వేరు. తాతలు దేన్నో వదులుకుని ఈ విశ్వాసంలోకి వచ్చారు. మనవలు సంఘంలోనే పుట్టారు. కారణం వాళ్లదాకా చేరలేదు, "అయ్యగారు వద్దన్నారు" అన్న మాటే చేరింది. అందుకే గుడి గేటు దగ్గర కమ్మలు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకునే అమ్మాయిలు ఉన్నారు. ఆ రెండు ముఖాల బతుకు కమ్మలకంటే ఎక్కువ హాని చేస్తుందని నా నమ్మకం. యువతరం అంతా సడలింపు కోరుతోందనుకోవడం కూడా పొరపాటే. ఫోన్లో ప్రసంగాలు విని, కృప గురించీ ఏర్పాటు గురించీ గంటల తరబడి వాదించేవాళ్లు, స్వస్థత సభల బోధను వాక్యంతో నిలదీసేవాళ్లు వాళ్లలో ఉన్నారు. సిద్ధాంతంలో వాళ్లు తండ్రులకంటే కఠినులు.

వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి నన్ను బలంగా తాకుతుంది. కమ్మలు పెట్టుకున్న ఆడపిల్లకు ప్రభువు బల్లలో చేయి వేయవద్దని చెప్పే సంఘం, కట్నం పుచ్చుకున్న అన్న పెళ్లికి ప్రార్థన చేసి ఆశీర్వదిస్తుంది. మాల, మాదిగ సంబంధాల దగ్గర, పైకులాల నుంచి వచ్చిన విశ్వాసుల సంబంధాల దగ్గర కులం చూసుకుంటుంటే పెద్దలు నోరు మెదపరు. కట్టడి స్త్రీ చెవి దగ్గర బిగుసుకుని, మగవాడి జేబు దగ్గర వదులైంది. తొలితరం నియమాలు ఊరి పెత్తనాన్ని ఎదిరించాయి. ఇప్పటి నియమాల్లో చాలావరకు ఇంట్లో బలహీనురాలి మీదే పనిచేస్తున్నాయి. నగ విషయం ఎవరి మనస్సాక్షికి వాళ్లకు వదిలేసి, కట్నం దగ్గర బల్ల ఆపితే పెద్దల మాటకు పాత బరువు వస్తుంది.

ఆదివారం విషయంలో మాత్రం నేను పెద్దల వైపే. ఆస్పత్రి నర్సుకు వేరే దారి లేదు, ఆమె మాట వేరు. కానీ సెలవున్న రోజున కూడా లాప్‌టాప్ మూయనివ్వని ఉద్యోగాన్ని చూసినప్పుడు, ఈ ఒక్కరోజు నాది కాదు, దేవునిది అనగలగడం ఆ మాదిగపల్లెల్లో ఎంత పెద్ద మాటో ఇప్పుడూ అంతే.

పెళ్లి దగ్గర నాకు తేలిక జవాబు దొరకలేదు. దేవుడి మీద నమ్మకమే జీవితానికి ఆధారమైన మనిషికి ఆ నమ్మకం లేని తోడు ఒంటరితనమే అవుతుందని పెద్దలు చెప్పేది అనుభవంలోంచి వచ్చిన మాట. పుస్తకం చూసి చెప్పింది కాదు. అలాగని అలాంటి పెళ్లి చేసుకున్న కూతుర్ని సంఘం నుంచి వెలివేస్తే, ఆ ఒంటరితనంలో ఆమెకు మిగిలిన ఒక్క చోటునూ మూసేసినట్టే.