సాల్వెంట్లను బ్యాక్టీరియా తినేస్తుందట.. మరి పటాన్‌చెరులో ఆ ఘాటు ఎందుకు పోవట్లేదు?

రాత్రయితే చాలు.. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల వైపు ఘాటు వాసనలు. అక్కడి జనానికి ఇది కొత్తేం కాదు. మందుల తయారీలో వాడే టోలీన్, మిథనాల్, డైక్లోరోమీథేన్ లాంటి సాల్వెంట్లు ఇట్టే ఆవిరైపోయే రకం. వీటి వ్యర్థాలను బ్యాక్టీరియాకు వదిలేస్తే సరిపోతుందన్న మాట తరచూ వినిపిస్తోంది. నిజంగా సరిపోతుందా?

మాట అబద్ధమేం కాదు. మిథనాల్‌ను చాలా రకాల సూక్ష్మజీవులు సులువుగా అరిగించుకుంటాయి. ఆక్సిజన్ అందితే టోలీన్‌ను సూడోమోనాస్ తినేస్తుంది. భారత్‌లో పుట్టిన శాస్త్రవేత్త ఆనంద మోహన్ చక్రవర్తి చమురు తినేలా మార్చింది ఈ జాతినే. ఆ బ్యాక్టీరియాకు పేటెంట్ ఇవ్వొచ్చని 1980లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది కూడా.

చిక్కంతా క్లోరిన్ ఉన్నవాటితోనే. ఉదాహరణకు లోహాల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఇథిలీన్. ఆక్సిజన్ లేని చోట బతికే డీహాలోకోకాయిడీస్ అనే బ్యాక్టీరియా దాని నుంచి ఒక్కో క్లోరిన్‌నూ ఊడగొడుతుంది. అమెరికాలో పాడైన భూగర్భ జలాలను ఇలా శుభ్రం చేస్తున్నారు. కానీ పని మధ్యలో ఆగిందో, మిగిలేది వినైల్ క్లోరైడ్. అది క్యాన్సర్ కారకం! అంటే సగం శుద్ధి అసలుకే ఎసరు.

ఇక మన దగ్గరికొస్తే కథ వేరు. ఫార్మా వ్యర్థజలాల్లో ఒక్క సాల్వెంటే ఉండదు. ఉప్పు ఎక్కువైతే బ్యాక్టీరియా నీరసిస్తుంది. పైగా యాంటీబయాటిక్స్! పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. బ్యాక్టీరియాను చంపే మందు ఉన్న నీళ్లలోనే బ్యాక్టీరియాతో పని చేయించాలన్నమాట. బతికి బట్టకట్టేవి మందుకు లొంగని మొండి రకాలు.

అంతకన్నా తక్కువగా మాట్లాడుకునే సంగతి ఇంకోటుంది. శుద్ధి ట్యాంకుల్లోకి గాలి కొట్టినప్పుడు బ్యాక్టీరియా తినేలోపే కొంత సాల్వెంట్ ఆవిరై పైకి పోతుంది. నీళ్లలో సీఓడీ తగ్గినట్టు రిపోర్టు వస్తుంది. తగ్గిందంతా సూక్ష్మజీవి పొట్టలోకి వెళ్లిందా, చుట్టుపక్కల జనం ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందా? ఆ అంకె చెప్పదు.

అందుకే గాఢమైన సాల్వెంట్‌ను ఫ్యాక్టరీలోనే స్ట్రిప్పర్‌తో విడదీసి మళ్లీ వాడుకోవాలి. పనికిరానిది సిమెంట్ బట్టీలకు పంపొచ్చు. పల్చటి మిగులు మాత్రమే బ్యాక్టీరియాకు వెళ్లాలి, అదీ మూత ఉన్న ట్యాంకుల్లో. ఖర్చు కంపెనీల మీద పడుతుంది, నిజమే. ఇన్నాళ్లూ ఆ ఖర్చు మోసింది చుట్టుపక్కల ఊళ్ల బావులు, చెరువులే కదా!